ఖాళీ బీకరు

ఆ ఏడు కోతలు ఇంకా దూరంలో ఉండగానే నాన్న భోజనాల బల్ల దగ్గర ప్రకటించేశాడు, కొండవాలు చేలో ఈసారి వచ్చేదే తన ఆఖరి వైన్ అని. ఆ తర్వాత షెడ్డు నాది, పీపాలు నావి, వాటితో వచ్చే తలనొప్పులన్నీ నావి. తను మాత్రం పొద్దుటెండలో కుర్చీ వేసుకుని కూర్చుని, మేం చేసే పనులకు వంకలు పెడతాడట.

"ఇప్పుడేం తక్కువ పెడుతున్నారు?" అంది అమ్మ.

నాన్న వినిపించుకోలేదు. అమ్మ మాటల్లో తనకు పనికొచ్చేవి మాత్రమే వినే చెవులు ఆయనవి.

ఆఖరిది కాబట్టి అది గొప్పగా ఉండి తీరాలని ఆయన పట్టుదల. కొండవాలు చేను మాకు మామూలు చేను కాదు. పెళ్ళైన కొత్తలో నాన్న గుంటలు తీస్తుంటే అమ్మ వెనకే ద్రాక్ష మొక్కలు నాటుకుంటూ వచ్చిందట. నాన్న చూపు గుంటల మీద కాకుండా అమ్మ మీద ఉండబట్టే వరసలన్నీ వంకర పోయాయని బాబాయి ఇప్పటికీ ఏడిపిస్తాడు. వరసలు వంకరగా ఉన్న మాట మాత్రం నిజమే. బాబాయి అంటే నాన్న తమ్ముడు. తోట పనంతా ఆయన మీదే నడుస్తుంది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, చేతిలో చుట్ట ఆరదు.

కాయ రంగు తిరుగుతున్న రోజుల్లో వెనక కొండ అంటుకుంది. మంటలు మా దాకా రాలేదు. పొగ వచ్చింది. వచ్చింది వచ్చినట్టు పోకుండా కొండవాలు మీదే తిష్ట వేసుకుని కూర్చుంది. అమ్మ ఆరేసిన దుప్పట్లు ఎన్నిసార్లు ఉతికినా మసి వాసన వదల్లేదు. బాబాయి చేలోంచి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పేమో వాళ్ళది, పొగేమో మనది. ఇదెక్కడి న్యాయం వదినా?" అన్నాడు.

"చేతికొచ్చిన పంటకి దిష్టి మాటలాడకు," అని అమ్మ మంచినీళ్ళిచ్చింది.

నా భయం వేరే. నేను మా ఇంటి ల్యాబు మనిషిని. ఒకప్పుడు పగిలిన సీసాలు పడేసే గదిలో నా రాజ్యం: ఒక బల్ల, పులుపు కొలిచే బ్యూరెట్టు, చక్కెర కొలిచే గాజు గొట్టం, బీకర్లు, సీసాలు నింపే గదిలోకి తెరుచుకునే చిన్న కిటికీ. పులుపు ఎంత, చక్కెర ఎంత, వైన్ వెనిగర్ దారి పడుతోందా లేదా, అన్నీ అక్కడే తేలుస్తాను. పొగని తేల్చే యంత్రం మాత్రం నా దగ్గర లేదు. ద్రాక్ష తొక్క మీద వాలిన పొగ మసిలాగా కడిగితే పోయేది కాదు. లోపలికి ఇంకిపోయి, పండులోని చక్కెరతో జత కట్టి దాక్కుంటుంది. అలా దాక్కున్నంతసేపూ పండు కొరికినా తెలియదు. రసం పులిసేటప్పుడు కొంత బయటపడుతుంది. మిగతాది తాగేవాడి నోట్లో ఉమ్మి తగిలాక, మింగిన తర్వాత, బూడిదై పైకి లేస్తుంది.

ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన ఒక గుత్తి తెంపి, గింజలు నమిలి, "బంగారంలా ఉంది. నీ పుస్తకాల్లో పొగని నా పండులోకి ఎక్కించకు," అన్నాడు.

పెద్ద ల్యాబుకి పళ్ళు పంపాను. చుట్టుపక్కల తోటల వాళ్ళంతా పంపారు, అక్కడ మా వంతు ఎప్పుడొస్తుందో వాళ్ళకే తెలియదు. ఈలోగా నాలుగు గుత్తులు పిండి బకెట్లో ఈస్టు వేసి పులియబెట్టాను. అనుమానం ఉన్నప్పుడు మేమంతా చేసే పనే అది. బకెట్టు వైన్ గ్లాసుల్లో పోసి ముగ్గురికీ ఇచ్చాను.

బాబాయి మింగి, ముఖం ముడుచుకుని, "బూడిద," అన్నాడు.

"పొద్దస్తమానం చుట్ట పీల్చే నోటికి బూడిద కాక అమృతం తగులుతుందా?" అన్నాడు నాన్న. ఆయనకు ఏమీ తగల్లేదు. పైగా పళ్ళ వాసన అద్భుతంగా ఉందన్నాడు. అది నిజమే. గ్లాసు అమ్మ చేతికిచ్చి ఆమె ముఖంలోకి చూశాడు. మా ఇంట్లో ఏ వైన్‌కైనా ఆఖరి గుక్క అమ్మది. ఆమె ఔనంటే తప్ప నాన్న సీసాలు నింపే రోజు చెప్పేవాడు కాదు.

"బాగుందండీ," అంది అమ్మ.

నాన్న ముఖం వెలిగిపోయింది. అమ్మ గ్లాసు కడిగే వంకతో వంటింట్లోకి వెళ్ళి పెద్ద రొట్టె ముక్క నోట్లో కుక్కుకోవడం నేను చూశాను. ఆకలేస్తోంది కాబోలనుకున్నాను.

పండు ఎవరి కోసమూ ఆగదు. రిపోర్టు రాకుండానే కోతలు మొదలయ్యాయి. కొండవాలుకి ఒక మూల పెద్ద రాతిగుట్ట ఉంది. దాని చాటున నాలుగు పొట్టి వరసలు. గాలి వాటం వల్ల పొగ వాటిని తాకలేదని బాబాయి చెప్పాడు. ఆ కాసిని పళ్ళూ విడిగా కోయించి, విడిగా పిండించి, ల్యాబులో ఒక పెద్ద గాజు జాడీలో పులియబెట్టాను.

"దాన్నెందుకే వెలివేశావు?" అన్నాడు నాన్న.

"వెలి కాదు నాన్నా. అదే చేను, అదే మొక్క, అదే ఈస్టు. పొగ ఒక్కటే లేదు. రేపు పోల్చి చూసుకోడానికి ఏదో ఒకటి ఉండాలిగా."

"పోల్చుకో, పోల్చుకో. తోబుట్టువుల్లా ఉంటాయి," అని నవ్వి పీపాల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో ఆయన నడక చూడాలి. కుర్రాళ్ళు కూడా అంత హుషారుగా నడవరు. పీపాలతో మాట్లాడేవాడు. పులుస్తున్న వైన్ బుడబుడలకు చెవి ఒగ్గి "అబ్బో, అలాగా?" అనేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దు అని బాబాయి నా చెవిలో అనేవాడు, కానీ నాన్న వినేలా అనడానికి ఆయనకి కూడా నోరు రాలేదు.

వైన్ తేరుకున్నాక పెద్ద ల్యాబు నుంచి ఫోను వచ్చింది. అక్కడి మేడమ్ గొంతులో బోలెడంత అలసట.

"పొగ ఉందమ్మా. కానీ హద్దు మీద ఉంది. బాగుందనలేను, పాడైందనలేను. మనుషుల నాలుకల మీద పరీక్ష పెట్టి చూసుకోండి," అంది.

"మా నాన్నగారికి ఏమీ తెలియట్లేదండీ. ఆయన నాలుక చాలా గట్టిది."

"ఎంత గొప్ప నాలుకైనా కొందరికి ఈ ఒక్కటి తెలియదమ్మా. వాళ్ళ నోటి ఉమ్మికి దీన్ని విడదీసే గుణం ఉండదు. ఎంత తాగినా బూడిద తగలదు. అందులో వాళ్ళ తప్పేం లేదు."

ఫోను పెట్టేసి ఆ స్టూలు మీదే కూర్చుండిపోయాను. నేను చదువు ముగించి ఇంటికొచ్చిన ఏడు నాన్న ఒక నియమం పెట్టాడు. ల్యాబు సంతకం లేని వైన్ షెడ్డు గుమ్మం దాటకూడదు. "నేను చెప్పినా సరే, దాటనివ్వకు," అన్నాడు అందరి ముందూ, నా భుజం మీద చెయ్యేసి. ఆ మాట తలుచుకుని ఎన్ని ఏళ్ళు మురిసిపోయానో. ఇప్పుడు నేను సంతకం పెట్టకపోతే నాన్న ఆఖరి వైన్‌కి సీసా లేదు, చీటీ లేదు. పెడితే, ఆ సీసా తెరిచిన ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఒక గుక్క మింగి, చీటీ మీద నాన్న పేరు చూసి, మొహం చిట్లించుకుంటాడు. ఇందులో ఏది మేలు? నాకూ బూడిద తగులుతూనే ఉంది. కానీ రిపోర్టు విన్న నాలుకని నమ్మలేం. ఉందని తెలిశాక లేనిది కూడా తగులుతుంది.

మర్నాడు పొద్దున్న బల్ల దగ్గర మెల్లగా కదిపాను. కదిపీ కదపగానే నాన్న అందుకున్నాడు.

"హద్దు మీద అంటే బాగున్నట్టే. గోడ మీద ఉన్న పిల్లిని పట్టుకుని మా వంటింట్లో దూరిందంటే ఎలా?"

"బాబాయికి తెలుస్తోంది నాన్నా. నాకూ తెలుస్తోంది."

"వాడి నోరు పొగగొట్టం. నీ నోట్లో రిపోర్టు ఉంది. నాకు తెలియట్లేదు, మీ అమ్మకి తెలియట్లేదు. ఏమే, చెప్పు."

అమ్మ రొట్టె మీద వెన్న రాస్తోంది. "నాకు బానే ఉందండీ," అంది, రాసిన చోటే మళ్ళీ రాస్తూ.

"అన్నయ్య పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు," అన్నాడు బాబాయి.

"మూడు కాళ్ళు కాదు, మూడు గ్లాసులు," నాన్న బల్ల మీద చరిచాడు. "పెట్టవే మూడు గ్లాసులు! తేల్చేసుకుందాం."

మూడు గ్లాసుల పరీక్ష నాకు నేర్పింది నాన్నే, ఏ కాలేజీ కూడా కాదు. మూడు నల్ల గ్లాసులు పెడతారు, లోపలి రంగు కనిపించకుండా. రెండింట్లో ఒకటే వైన్, మూడో దాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. అంతే. తేడా తెలియకపోయినా ఏదో ఒకటి చూపించాలి, తప్పించుకోవడం కుదరదు. "గుడ్డివాడు రాళ్ళు విసిరినా మూడింటికి ఒకటి కాయకి తగులుతుంది. అంతకంటే ఎక్కువ తగిలితేనే వాడికి కళ్ళున్నట్టు," అనేవాడు నాన్న.

నేను ల్యాబులో ఉండి, పీపాల వైన్‌తోనూ పొగ తగలని జాడీ వైన్‌తోనూ గ్లాసులు నింపి చిన్న కిటికీలోంచి అవతలికి జరిపేదాన్ని. నా ముఖం చూసి ఎవరూ కనిపెట్టకుండా కిటికీకి గుడ్డ కట్టాను. అవతల గదిలో ఒక్కొక్కళ్ళే వచ్చి కూర్చుని, రుచి చూసి, వేరేది అనుకున్న గ్లాసుని వెనక్కి తోసేవాళ్ళు. బూడిద ఒకసారి నోట్లో చేరితే చాలాసేపు పోదు కాబట్టి రోజుకి రెండు మూడు సార్లకు మించి పెట్టలేదు. మధ్యలో ఉప్పు లేని బిస్కెట్లు, మంచినీళ్ళు. అలా పన్నెండేసి సార్లు అయ్యేదాకా ఎవరికి ఎన్ని తగిలాయో చెప్పకూడదని ఒప్పందం. ఆ ఒప్పందం బాబాయికి ప్రాణసంకటమైంది. పాపం, చుట్ట కూడా మానేశాడు ఆ వారమంతా.

లెక్కకి కాగితం పెడితే బాబాయి వచ్చి తొంగి చూస్తాడు. అందుకని షెల్ఫులో ఎత్తుగా ఒక్కొక్కరికి రెండేసి బీకర్లు పెట్టాను. సరిగ్గా చెబితే కుడి బీకర్లో ఒక బిరడా, తప్పు చెబితే ఎడమ బీకర్లో ఒక బిరడా.

నాన్న ప్రతిసారీ స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చేవాడు, ఎవరో చుట్టాలొచ్చినట్టు. గుడ్డ అవతల ఆయన గ్లాసు తిప్పడం, గాలి పీల్చడం, నాలుక మీద వైన్ దొర్లించడం అన్నీ వినిపించేవి. మొదట్లో గ్లాసు చప్పున తోసేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆలస్యం చేశాడు. ఒక్కోసారి మూడూ రెండోసారి చూసేవాడు. ఒకసారి గుడ్డ అవతల నుంచి, "మూడూ ఒకటే పోశావా ఏంటే?" అన్నాడు. గొంతులో పరిహాసం ఉంది గానీ దాని కింద ఇంకేదో ఉంది. నాకు ఆ గుడ్డ చింపి అవతలికెళ్ళి కావలించుకోవాలనిపించింది.

"మాట్లాడకూడదు నాన్నా," అన్నాను.

"సరేలెండి మేడమ్," అని ఏదో ఒకటి తోశాడు.

అమ్మ వచ్చేది, కూర్చునేది, చకచకా మూడూ చూసేది, ఏమాత్రం తడుముకోకుండా ఒక గ్లాసు తోసేసి, బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయేది. నేనేమో ఎడమ బీకర్లో బిరడా వేసేదాన్ని. అమ్మ నాలుక ఇంత మొద్దుబారిందేమిటా అని మనసులో కాస్త దిగులు కూడా పడ్డాను. అంతకు మించి నా బుర్రకి తట్టలేదు. ల్యాబు దాన్నని పెద్ద పేరు!

నా వంతు వచ్చినప్పుడు గ్లాసులు బాబాయి పోశాడు. గుడ్డ అవతల ఆయన ఊపిరి బిగపట్టుకోవడం నాకు వినిపిస్తూనే ఉంది. ఊపిరి బిగపట్టినా ఏ గ్లాసో మాత్రం తెలియలేదు లెండి, నేను నాలుకతోనే చెప్పాను.

అందరివీ అయ్యాక, ఒక మధ్యాహ్నం, బీకర్లన్నీ దించి బల్ల మీద వరసగా పెట్టాను. నాన్న, బాబాయి వచ్చారు. అమ్మ పక్క గదిలో నల్ల గ్లాసులు కడుగుతోంది, రమ్మంటే "మీరు చూసుకోండి, నాకు చేతులు తడిగా ఉన్నాయి," అంది.

బాబాయి కుడి బీకరు పైదాకా నిండింది. నాదీ దాదాపు అంతే. నాన్నది కుడి వైపు నాలుగు బిరడాలు, మిగతావన్నీ ఎడమ వైపు. గుడ్డివాడి రాళ్ళు. బాబాయి లాంటి బాబాయే నోరు మూసుకుని గుమ్మంలోంచి బయటికి చూశాడు.

నాన్న తమాయించుకున్నాడు. "సరే. మీ ఇద్దరికీ తెలిసింది, నాకు తెలియలేదు. మీ అమ్మకీ తెలియలేదు, చూడు, నాకంటే అన్యాయం. అంటే సగం మందికి తెలియదన్న మాట. తెలియని సగం మందికే అమ్ముదాం," అన్నాడు. నవ్వబోయాడు. చెయ్యి చాపి అమ్మ కుడి బీకరు ఎత్తాడు.

అందులో ఒక్క బిరడా కూడా లేదు.

దాన్ని వెలుగుకి పట్టి చూశాడు, అడుగున ఏమైనా అంటుకుందేమో అన్నట్టు. మళ్ళీ పెట్టేశాడు. ఎడమ బీకర్లోంచి ఒక బిరడా తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ, "ఒక్కటి కూడా తగల్లేదా?" అన్నాడు.

"లేదు నాన్నా."

"ఒక్కటి కూడానా?"

అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఏమీ తెలియని మనిషికి గుడ్డిగానైనా మూడు నాలుగు తగిలి తీరాలి. పన్నెండు సార్లూ తప్పిందంటే, ఆ మనిషి ప్రతిసారీ సరైనది ఏదో తెలిసే, పని గట్టుకుని దాన్ని వదిలి ఇంకోటి తోస్తోందన్న మాట. మా నలుగురిలో అందరికంటే గట్టి నాలుక అమ్మది.

నాన్న ఆ బిరడా జేబులో వేసుకుని పక్క గదిలోకి వెళ్ళాడు. బాబాయి వెంట వెళ్ళబోతే చొక్కా పట్టుకుని ఆపాను. చిన్న కిటికీకి గుడ్డ ఇంకా అలాగే ఉంది. విన్నాం, విననట్టు ఎందుకు చెప్పాలి?

"ఏమే," అన్నాడు నాన్న.

"ఊఁ."

"పొరపాటునైనా ఒకటి సరిగ్గా చెప్పి ఉండాల్సింది."

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"గుడ్డిగా తోసినా కొన్ని తగులుతాయే. ఒక్కటీ తగలకుండా తొయ్యాలంటే అన్నీ తెలిసుండాలి," అన్నాడు.

"ఆ లెక్క నాకేం తెలుసు?" అంది అమ్మ. "ముందే తెలిస్తే మధ్యమధ్యలో ఒకటీ అరా సరిగ్గా చెప్పేదాన్నిగా."

నాన్న నవ్విన చప్పుడు వినిపించింది. తర్వాత ఇద్దరూ ఏదో బెంచీ మీద కూర్చున్నట్టున్నారు.

"ఎలా ఉంది? నిజం చెప్పు."

"చెప్తే బాధపడతారు."

"పడతాలే. చెప్పు."

"ముందు చాలా బాగుంటుందండీ. అచ్చం మీ చేతి వైనే. మింగాక మాత్రం..." అమ్మ ఆగింది. "పొయ్యి ఊడ్చిన చీపురు నోట్లో పెట్టుకున్నట్టుంటుంది."

"చీపురా!"

"పాత చీపురు."

ఈసారి నాన్న గట్టిగా నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నా పక్కన బాబాయి భుజాలు కూడా అదురుతున్నాయి, అది నవ్వో ఏడుపో నేను చూడలేదు. నా కళ్ళకే ఏమీ సరిగ్గా కనిపించడం లేదు.

"బకెట్టు నాటి నుంచీ ఆ చీపురు నములుతూ బాగుందండీ బాగుందండీ అంటున్నావా?"

"మీరు అలా ఆశగా ముఖంలోకి చూస్తుంటే ఏం చెయ్యమంటారు? అమ్మాయి ఎలాగూ పట్టుకుంటుందిలే, ఆ మాట నా నోటితో ఎందుకనాలి అనుకున్నాను."

అంటే అమ్మ నన్ను నమ్ముకుని అబద్ధమాడింది. ఆ లెక్కన నా సంతకం మీద నా కంటే అమ్మకే ఎక్కువ ధైర్యం ఉంది.

కాసేపటికి నాన్న గొంతు మళ్ళీ వినిపించింది, ఈసారి బాగా తగ్గి. "నాకు ఆ చీపురు తగలట్లేదే. ఎంత వెతికినా తగల్లేదు. ఇన్నేళ్ళూ ఈ నాలుకని నమ్ముకునే బతికాను."

"నాలుకకేమైంది? లక్షణంగా ఉంది. ఈ ఒక్కటి దానికి పట్టదు, అంతే. మీ గురక ఊరంతటికీ వినిపిస్తుంది, నాకు వినిపిస్తుందా? అలాంటిదే ఇదీను."

నాన్న చిన్నపిల్లాడిలా అడిగాడు: "ముందు బాగుంటుందన్నావే. అదైనా నిజమేనా?"

"ఒట్టు," అంది అమ్మ.

ఆయన తిరిగి ల్యాబులోకి వచ్చినప్పుడు నేను బీకర్లు కడుగుతున్నట్టు నటిస్తున్నాను. బాబాయి పొడి బీకర్ని గుడ్డతో తెగ తుడుస్తున్నాడు. నాన్న మా నటన పట్టించుకోలేదు.

"సంతకం పెట్టావా?" అన్నాడు.

"లేదు నాన్నా."

"పెట్టకు."

నా తల మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరి, ఆ చెయ్యి తీయకుండానే బాబాయితో, "స్పిరిట్ తీసే వాళ్ళకి కబురు పెట్టు. ట్యాంకరు పంపమను. వాళ్ళు ఎలాగూ కాచి సారం తీసుకుంటారు, వాళ్ళకి పేరుతో పని లేదు," అన్నాడు.

"అన్నయ్యా, వచ్చే ఏడు ఇంకొక్కటి చేసి అప్పుడు మానేద్దువులే. ఇదేం ఆఖరు?" అన్నాడు బాబాయి.

"ఆఖరని చెప్పానుగా. బాగుంటే ఆఖరు, బాగోకపోతే కాదు అంటే అదేం మాటరా? వచ్చే ఏడు నుంచి దీనిది," అన్నాడు నా వైపు చూసి. "వద్దనాల్సిన చోట వద్దని నిలబడింది. నేను ఇంకేం నేర్పాలి దీనికి?"

నాకు ఏడుపొచ్చింది. ల్యాబులో ఏడవకూడదని నేను పెట్టుకున్న నియమం ఆ రోజు గాలికి పోయింది. మెచ్చుకోలుకి వచ్చిన ఏడుపు కాదది. పీపాలకు చెవి ఒగ్గి "అలాగా" అని కబుర్లు చెప్పుకున్న మనిషి, వాటిని ట్యాంకరులోకి పంపమని అంత మామూలుగా చెబుతుంటే వచ్చిన ఏడుపు.

ట్యాంకరు వచ్చిన రోజు నాన్న గొట్టం తనే తగిలిస్తానన్నాడు. ఒక్కొక్క పీపా ఖాళీ అవుతుంటే దాని మీద తట్టి పక్కకి దొర్లించాడు. నేను లెక్క రాసుకుంటూ చూద్దును కదా, ఒక పీపా తగ్గింది. వెతికితే షెడ్డు వెనక మూలన గోనెపట్టా కప్పుకుని కనిపించింది, పక్కనే కుర్చీలు రెండు, ఒక ఖాళీ బకెట్టు. అమ్మ పనే.

"అమ్మా, సంతకం లేని వైన్ ఇది. షెడ్డు దాటకూడదు," అన్నాను.

"దాటుతుందని ఎవరన్నారు? తాగేవాడే షెడ్డుకొస్తాడు," అంది అమ్మ. "ఈ భూమ్మీద ఈ వైన్ బాగుందనే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయనకి లేకుండా చేస్తావా?"

నా నియమాల్లో ఎక్కడా దానికి అడ్డం లేదు. గోనెపట్టా నేనే సర్ది కప్పాను.

ఆ సాయంత్రం నాన్నని అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన పీపా మీద ఒకసారి తట్టాడు. గ్లాసులో కొంచెం పట్టుకుని, వాసన చూసి, ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆ ముఖంలో ఎక్కడా బూడిద లేదు. తర్వాత అలవాటు చొప్పున గ్లాసు అమ్మ వైపు చాచాడు. చాచాక గుర్తొచ్చినట్టుంది, వెనక్కి తీసుకోబోయాడు.

అమ్మ తీసుకోనివ్వలేదు. గ్లాసు లాక్కుని, నిండుగా ఒక గుక్క నోట్లో పోసుకుంది. నాలుక మీద అటూ ఇటూ తిప్పుతూ కాసేపు అలాగే ఉంచుకుంది. ఆ కాసేపూ ఆమె ముఖం విప్పారింది. బూడిద లేచేలోపు బకెట్లోకి ఉమ్మేసి, కొంగు చాటు నుంచి రొట్టె ముక్క తీసి చప్పున నోట్లో వేసుకుంది.

నాన్న ఆమె ముఖంలోకి చూస్తూనే ఉన్నాడు.

"ఇంకొంచెం?" అన్నాడు.

"పొయ్యండి," అంది అమ్మ.